పాత ఇంటి కంప్యూటరును స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో తేలికగా, పనికొచ్చేలా ఉంచుకోవడం ఎలా?

తెనాలి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. అందులో విండోస్ 10 నడుస్తోంది. ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు, పత్రికలకు అప్పుడప్పుడు పంపే వ్యాసాలు రాసుకోవడానికి నేను, వీడియో పాఠాలు వినడానికి మా అమ్మాయి దీనినే వాడుతున్నాము. ఆన్ చేసిన తరువాత చాలాసేపటి వరకు ఏ పనీ మొదలుపెట్టలేము. వర్డు తెరిచి ఉండగా బ్రౌజరు కూడా తెరిస్తే రెండూ బిగుసుకుపోతున్నాయి. దుకాణంలో అడిగితే దీనికి విండోస్ 11 ఎక్కదని, కొత్తది కొనుక్కోవడమే మేలని చెప్పారు. కొన్నప్పుడు వాళ్లు వేసి ఇచ్చిన ఆఫీసు, ఫోటో ప్యాకేజీలు దొంగ ప్రతులని ఈమధ్యనే తెలిసింది కాబట్టి వాటిని కూడా వదిలించుకోవాలని ఉంది. ఒక్క నొక్కుతో కంప్యూటరు వేగం పెంచుతామనే క్లీనరు ప్రకటన ఒకటి తరచుగా కనిపిస్తోంది. అలాంటిది వేసుకోవచ్చా, లేక ఎవరైనా వాడి, మార్చి, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే దీనిని దారికి తెచ్చుకునే మార్గం ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పార్క్‌లేన్ పనివాడు

మాస్టారూ, ముందుగా ఏ కొత్త సాఫ్ట్‌వేరూ వేయకండి. ఏది ఎంత తింటోందో చూడకుండా మందు వేయడం మా వృత్తిలో నిత్యం కనిపించే తప్పు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్కు అనే మూడు నిలువు వరుసలపైన శాతాలు కనిపిస్తాయి. కంప్యూటరు ఆన్ అయిన కొద్ది నిమిషాలకు ఒకసారి, బ్రౌజరూ వర్డూ రెండూ తెరిచినప్పుడు మరోసారి ఆ మూడింటినీ రాసుకోండి. అక్కడే స్టార్టప్ అనే ట్యాబులో ఆన్ చేయగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. దానిని కూడా ఇక్కడ పెట్టండి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాము ఉంది, అది మూలకోడు తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేరే. దానిలో హార్డ్ డిస్కు ఆరోగ్యపు లెక్కలు కనబడతాయి. 05 సంఖ్య ఎదుట ఉన్నది పాడైపోగా వేరేచోటికి మళ్లించిన సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న గడుల) లెక్క. సీ5 అని ఉన్నది (కొన్ని ప్రోగ్రాములు దానిని 197 అని చూపుతాయి) చదవడం కష్టమై తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల లెక్క. ఈ రెండింటి ఎదుటా చివరి గడిలో సున్నాలే ఉండాలి. సున్నా కాకపోతే వేగం సంగతి పక్కన పెట్టి, ముందు మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవలసి ఉంటుంది.

ఇక ఆ క్లీనరు మాట. ర్యామ్‌ను ఖాళీ చేస్తామనే ప్రోగ్రాములు చాలావరకు చేసేది ఒక్కటే: మెమరీలో ఉన్న సమాచారాన్ని బలవంతంగా డిస్కులోని పేజీ ఫైలులోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటు) తోసేస్తాయి. ఆ క్షణానికి అంకె బాగుంటుంది కానీ, మీరు మళ్లీ వర్డును తాకగానే అదంతా నెమ్మదైన డిస్కు నుంచి వెనక్కి రావాలి. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేసే ప్రోగ్రాముల వాడకానికి తమ మద్దతు లేదని మైక్రోసాఫ్టే ప్రకటించింది. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షనులోకి దుండగులు హానికర కోడును చొప్పించగా, అది అధికారిక డౌన్‌లోడు ద్వారానే లక్షల కంప్యూటర్లకు చేరింది. శుభ్రం చేయడానికని వేసినదే ముప్పు తెచ్చిన సందర్భమది.

తెనాలి మాస్టారు

మీరు చెప్పినట్లే చూశాను. ఏ ప్రోగ్రామూ తెరవకముందే డిస్కు 100 శాతం దగ్గర నిలిచిపోయి ఉంది. సీపీయూ మాత్రం 15 శాతం దాటడం లేదు. మెమరీ బ్రౌజరు తెరవకముందు 60, తెరిచాక 90 పైన చూపింది. 05, సీ5 ఎదుట రెండూ సున్నాలే ఉన్నాయి. స్టార్టప్ జాబితాలో టొరెంటు ప్రోగ్రాము, మీటింగుల యాప్, దుకాణంవారు వేసిన రెండో యాంటీవైరసు, ప్రింటరు తాలూకు రెండు ప్రోగ్రాములు, ఎప్పుడూ వాడని సంగీతపు యాప్ ఒకటి ఉన్నాయి.

పార్క్‌లేన్ పనివాడు

జబ్బు దొరికింది. మీ ప్రాసెసరు ఖాళీగా కూర్చుని డిస్కు కోసం ఎదురుచూస్తోంది. తిరిగే హార్డ్ డిస్కు మీద విండోస్ 10 నడిపే ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. ఇండెక్సింగు (వెతకడం కోసం ఫైళ్ల జాబితా తయారుచేయడం), అప్‌డేట్లు, యాంటీవైరసు తనిఖీ, పేజీ ఫైలు అన్నీ ఒకేసారి ఆ ఒక్క సూది మీద పడతాయి. ఆ హార్డ్ డిస్కును తీసి తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు, అంటే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. 240 జీబీది మీ పనికి సరిపోతుంది. మీరు చేయగల మార్పులన్నింటిలోనూ దీనికి సాటి వచ్చేది లేదు, ఏ సాఫ్ట్‌వేరూ దీనికి బదులు కాదు. పాత డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టించుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి. నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకమే కావాలి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 ముక్క పెడితే అది అసలు ఆన్ కాకపోవచ్చు, కనుక స్టిక్కరు మీద ‘ఎల్’ అక్షరాన్ని చూసి మరీ కొనండి.

డబ్బు ఖర్చులేని పని ఈ రోజే చేయవచ్చు. రెండో యాంటీవైరసును పూర్తిగా తీసివేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండరు చాలు, రెండు యాంటీవైరసులు ఉంటే ఒకే ఫైలును ఇద్దరు పోలీసులు సోదా చేసినట్లవుతుంది. స్టార్టప్‌లోని మిగతావాటిని డిజేబుల్ చేయండి. దానివల్ల అవి చెరిగిపోవు, మీరు తెరిచినప్పుడే తెరుచుకుంటాయి.

స్వేచ్ఛా విహారి

హార్డ్‌వేరు సలహాతో పూర్తిగా ఏకీభవిస్తూ, అసలు విషయానికి వస్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. గృహ వినియోగదారులు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఆ తరువాత ఆ ల్యాప్‌టాప్‌తో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నది అధికారిక నియమం. దానిని దొడ్డిదారిన దాటించే పద్ధతులు ఉన్నా, మాస్టారి వంటివారికి వాటిని సిఫారసు చేయలేను.

విండోస్ బదులు వాడుకోగల స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం మీ యంత్రానికి సరిగ్గా నప్పుతుంది. 2024 జూలైలో వచ్చిన 22 శ్రేణికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. తయారీదారులు కనీసం 2 జీబీ ర్యామ్ అడుగుతారు, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుందంటారు. కింద పట్టీ, మూలన మెనూ విండోస్ వలెనే ఉంటాయి కాబట్టి ఇంట్లో ఎవరూ తడబడరు. నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి డిస్కును తాకనక్కర లేదు. రూఫస్ లేదా వెంటాయ్ అనే ప్రోగ్రాముతో మింట్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, దాని నుంచే నడిపించి వైఫై, ధ్వని, కెమెరా, ప్రింటరు పనిచేస్తున్నాయేమో చూసుకోవచ్చు. అయితే పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నప్పటి వేగాన్ని బట్టి మింట్ వేగాన్ని అంచనా వేయకండి.

హనుమకొండ లెక్కలు

విహారి గారి ఉత్సాహాన్ని తక్కువ చేయడం లేదు కానీ, ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం మొదటి మెట్టు కాకూడదని నా అభిప్రాయం. నేను జీఎస్టీ పనులు చూసుకుంటాను. డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్, ట్యాలీ, కొన్ని శాఖల ఆఫ్‌లైన్ ఫారాలు ఇప్పటికీ విండోస్‌నే నమ్ముకుని ఉన్నాయి. ఆదాయపు పన్ను రిటర్ను వంటివి బ్రౌజరులోనే నింపవచ్చు కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కానీ ఏది విండోస్ లేకుండా నడవదో తెలుసుకోకుండా ఆ తలుపు మూసేస్తే గడువు తేదీ నాడు పరుగులు పెట్టవలసి వస్తుంది.

మాస్టారికి నా సలహా ఏమిటంటే, విండోస్‌లో ఉండగానే ముందు ప్రోగ్రాములను మార్చండి. దొంగ ఆఫీసు స్థానంలో లిబ్రేఆఫీసు, బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్, పీడీఎఫ్‌లకు సుమాత్రాపీడీఎఫ్, వీడియోలకు వీఎల్‌సీ, జిప్ ఫైళ్లకు 7-జిప్, ఫోటోలకు గింప్ పెట్టుకోండి. సుమాత్రా ఒక్కటే విండోస్‌కు పరిమితం, మిగతావి లినక్స్‌లోనూ ఉన్నవే. రెండు మూడు నెలలు వీటితో పని సాగితే, ఆ తరువాత కింద విండోస్ ఉన్నదా మింట్ ఉన్నదా అన్నది మీ అమ్మాయి గమనించను కూడా గమనించదు. సుమాత్రా బదులు అక్కడ వేరే పీడీఎఫ్ రీడరు సిద్ధంగా ఉంటుంది.

డౌన్‌లోడు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సెర్చిలో పైన వచ్చే ప్రకటనల లింకుల నుంచి కాక, ఆయా ప్రాజెక్టుల సొంత సైట్ల నుంచే దించుకోండి. 2015లో సోర్స్‌ఫోర్జ్ సైటు గింప్ విండోస్ ఇన్‌స్టాలరుకు ప్రకటనల సాఫ్ట్‌వేరును జోడించి అందించిందని పెద్ద గొడవ జరిగింది. మరుసటి సంవత్సరం యాజమాన్యం మారాక ఆ పద్ధతి మానేశారు. పేరు మంచిదైనా చేతికి అందిన ఫైలు ఎక్కడిదో చూసుకోవాలి.

స్వేచ్ఛా విహారి

లెక్కల గారి క్రమమే సరైనదని ఒప్పుకుంటున్నాను. నేను మింట్‌తో మొదలుపెట్టమన్నది భద్రతా గడువును దృష్టిలో పెట్టుకుని మాత్రమే. గడువు లోపల ప్రోగ్రాముల మార్పు అలవాటైపోతే మంచిదే.

గుణదల కుర్రోడు

మింట్ కూడా బరువేనండీ. యాంటీఎక్స్ గానీ పప్పీ గానీ, ఆ చిన్న లినక్స్‌లలో ఒకటి వేస్తే 4 జీబీ కాదు, 1 జీబీ ర్యామ్‌తోనే పరుగెత్తుతుంది. మా గదిలో ఉన్న పాత నెట్‌బుక్‌కు నేను వేసింది అదే.

పార్క్‌లేన్ పనివాడు

తమ్ముడూ, ఖాళీ డెస్క్‌టాప్ ఎంత తక్కువ తింటుందన్నది పోటీలకు బాగుంటుంది కానీ, ఇంటి మనిషి డెస్క్‌టాప్‌ను చూస్తూ కూర్చోడు, బ్రౌజరు తెరుస్తాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈకి, నువ్వు చెప్పేవాటికి మధ్య తేడా కొన్ని వందల ఎంబీలు మాత్రమే. మెయిలు ట్యాబు ఒకటి, వీడియో ట్యాబు ఒకటి తెరిస్తే ఆ ఆదా అంతా కరిగిపోతుంది. అప్‌డేట్లు, తెలుగు టైపింగు, ప్రింటరు వంటివి తిన్నగా పనిచేసే వ్యవస్థను ఎంచుకుని, పొదుపు బ్రౌజరు దగ్గర చేయడమే లాభం.

నీ నెట్‌బుక్ పాత 32 బిట్ ప్రాసెసరుదైతే మాత్రం వేరే చిక్కు ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ అనే లినక్స్ 13వ వెర్షనులో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరు తీసేశారు. ఫైర్‌ఫాక్స్ కూడా 32 బిట్ లినక్స్‌కు 144వ వెర్షనుతో స్వస్తి చెప్పింది. దానిని ఇక ఇంటర్నెట్‌కు కాక, పాటలు వినడానికో టైపింగు నేర్చుకోవడానికో కేటాయించడం మంచిది.

స్వేచ్ఛా విహారి

బ్రౌజరు ప్రస్తావన వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంటి కంప్యూటరు బరువులో సగానికి పైగా అక్కడే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ అడ్రసు పట్టీలో ‘అబౌట్’, కోలన్, ‘ప్రాసెసెస్’ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టైపు చేస్తే ఏ ట్యాబు ఎంత మెమరీ, ఎంత సీపీయూ తింటోందో వరుసగా చూపిస్తుంది. వార్తల సైట్లు, ముఖ్యంగా ప్రకటనలు కదులుతూ ఉండేవి, జాబితాలో పైన కనిపిస్తాయి. యూబ్లాక్ ఆరిజిన్ అనే స్వేచ్ఛా ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆ ప్రకటనలు, వెంటాడే స్క్రిప్టులు అసలు దిగకుండానే ఆగిపోతాయి. దీనివల్ల పేజీ తేలికవుతుంది, డేటా కూడా మిగులుతుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చి, 2025లో పాత తరహా ఎక్స్‌టెన్షన్లకు పూర్తిగా తలుపు మూసింది. అందువల్ల యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపం అక్కడ నడవదు, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తుంది. మిగతా ఎక్స్‌టెన్షన్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది.

తెరిచి ఉంచిన ట్యాబులు మూయడం ఇష్టం లేనివారికి ఒక సౌకర్యం ఉంది. ఫైర్‌ఫాక్స్ 140 నుంచి ట్యాబు మీద రైట్ క్లిక్ చేసి అన్‌లోడ్ చేయవచ్చు. ట్యాబు కనిపిస్తూనే ఉంటుంది కానీ మెమరీని వదిలేస్తుంది, మళ్లీ నొక్కితే పేజీ తిరిగి దిగుతుంది.

వీడియో పాఠాల గురించి మాస్టారు రాశారు. నాలుగో తరం ఇంటెల్ గ్రాఫిక్స్ హెచ్.264 రకం వీడియోను హార్డ్‌వేరులోనే విప్పగలదు కానీ, యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9, ఏవీ1 రకాలను విప్పే భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. ఫ్యాను గోల పెట్టేది, వీడియో తడబడేది అందుకే. హెచ్.264నే అడిగేలా చేసే ‘హెచ్264ఫై’ వంటి చిన్న ఎక్స్‌టెన్షన్ వేసి, నాణ్యతను 480 లేదా 720 దగ్గర ఉంచండి. పాఠంలో బోర్డు మీది అక్షరాలు కనిపించడానికి అంతకుమించి అక్కర లేదు.

హనుమకొండ లెక్కలు

మా బాబు లినక్స్ కంప్యూటరులో మెమరీ దాదాపు నిండిపోయిందని కంగారు పడుతుంటాడు. ‘ఫ్రీ’ ఆదేశం ఇస్తే ఖాళీ కొద్దిగానే చూపిస్తోంది. దానిని ఖాళీ చేయించే మార్గం ఉందా?

స్వేచ్ఛా విహారి

చేయించనక్కర లేదండి. అక్కడ ‘ఫ్రీ’ అనే నిలువు వరుసను కాదు, చివర ఉన్న ‘అవైలబుల్’ అనే నిలువు వరుసను చూడమనండి. వాడకుండా ఉన్న ర్యామ్‌లో లినక్స్ ఇటీవల చదివిన ఫైళ్లను దాచుకుంటుంది. ఏదైనా ప్రోగ్రాము అడిగిన వెంటనే ఆ చోటును ఇచ్చేస్తుంది. ‘అవైలబుల్’ కూడా అడుగంటి, స్వాప్ (ర్యామ్ చాలక డిస్కులో వాడుకునే చోటు) పెరుగుతూ ఉంటేనే ఆలోచించాలి. అప్పటికీ ర్యామ్ పెంచే వీలు లేకపోతే జీర్యామ్ పెట్టుకోవచ్చు. అది మెమరీలోనే కొంత భాగంలో సమాచారాన్ని కుదించి దాస్తుంది కాబట్టి డిస్కు స్వాప్ కంటే ఎన్నో రెట్లు వేగంగా ఉంటుంది. ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఇది 2020లో వచ్చిన 33వ వెర్షను నుంచి ముందుగానే అమర్చి వస్తోంది, మింట్‌లో మాత్రం మనమే వేసుకోవాలి.

తెనాలి మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించాను. లెక్కల గారు చెప్పిన క్రమంలో విండోస్‌లోనే లిబ్రేఆఫీసు వేశాను. ఇప్పుడు కంప్యూటరు గురించి ఫిర్యాదు లేదు కానీ, తెలుగు దగ్గర చిక్కు వచ్చింది. వ్యాసాన్ని ఎంపిక చేసి పైనున్న జాబితాలో ఫాంటు మార్చినా అక్షరాలు ఒక్కోసారి మారడం లేదు, పరిమాణం కూడా నేను ఇచ్చిన 14 కాక వేరేగా ఉంటోంది. పైగా పాత వ్యాసాలు అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు వస్తున్నాయి. తెలుగు రాసుకోలేకపోతే ఈ మార్పంతా నాకు వ్యర్థమే.

అక్షరాల అంగడి

మాస్టారూ, నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. మీ చిక్కులు రెండూ మా కొట్టులో తరచూ ఎదురయ్యేవే.

లిబ్రేఆఫీసు లిపులను మూడు తరగతులుగా చూస్తుంది: పాశ్చాత్య లిపులు, చైనా జపాను వంటి ఆసియా లిపులు, తెలుగు వంటి సంక్లిష్ట లిపులు. ప్రతి పేరాకూ ఈ మూడు తరగతులకు మూడు ఫాంట్లు, మూడు పరిమాణాలు విడివిడిగా ఉంటాయి. మీరు పాశ్చాత్య ఫాంటును మారుస్తుంటే తెలుగు అక్షరం దాని మాట వినదు. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల విభాగంలో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ గడిలో టిక్కు పెట్టి, దాని ఎదుట తెలుగును ఎంచుకోండి. ఆ తరువాత క్యారెక్టరు డైలాగులో సంక్లిష్ట లిపి ఫాంటు కోసం వేరే చోటు కనిపిస్తుంది. అక్కడ ఇచ్చిన ఫాంటు, పరిమాణమే తెలుగుకు వర్తిస్తాయి. ప్రతిసారీ ఈ పని చేయకుండా డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైలులో ఒక్కసారి మార్చి, దానిని టెంప్లేటుగా దాచుకుంటే ప్రశ్నపత్రాలన్నీ ఒకే రూపంలో వస్తాయి.

స్వేచ్ఛా లైసెన్సు ఉన్న తెలుగు ఫాంట్లకు కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఎప్పటి నుంచో ఉన్నవే. సిలికానాంధ్ర ద్వారా విడుదలైన మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి, సురవరం వంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వ్యాసం లోపలి పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర నా మొదటి ఎంపికలు. మండలిలో వరుసల మధ్య ఖాళీ ఎక్కువ వస్తుంది కాబట్టి, పత్రికకు పేజీల లెక్కన పంపేటప్పుడు లైన్ స్పేసింగును శాతంలో కాక స్థిరమైన పాయింట్లలో ఇవ్వండి.

అను విషయం వేరు. అందులో అక్షరాలు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు గుర్తుల స్థానంలో తెలుగు ముక్కలను కూర్చిన పాత ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని యంత్రంలో గుర్తులే కనిపిస్తాయి. ఆ వ్యాసాలను కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. మార్చిన తరువాత వత్తులు, అరసున్నలు, అంకెలు, ఉటంకింపు గుర్తులు తప్పకుండా సరిచూడండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. అచ్చు కాగితం ఒక్కటే మిగిలిన పాత వ్యాసాలుంటే వాటిని స్కాను చేసి టెసరాక్ట్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాముకు ఇవ్వండి. దానికి తెలుగు చదవడం వచ్చు, అచ్చు శుభ్రంగా ఉంటే మళ్లీ టైపు చేసే శ్రమ చాలావరకు తప్పుతుంది.

రేపు మింట్‌కు వెళ్లినా టైపింగుకు భయం లేదు. కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్టు అనే ప్రామాణిక కీబోర్డు వస్తుంది. ఐబస్ అనే టైపింగు ప్రోగ్రాము, దానికి తోడుగా ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఆపిల్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతులు కూడా వస్తాయి. మీరు అనులో ఆపిల్ కీబోర్డుకు అలవాటుపడి ఉంటే చేతులు పెద్దగా తడుముకోవు. పత్రికకు పేజీలు కూర్చాలంటే స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిర వెర్షను నుంచి తెలుగు గుణింతాలు, వత్తులు సరిగ్గా కూర్చుతోంది. కానీ నిక్కచ్చిగా చెప్పాలంటే, దినపత్రిక వేగంతో పని చేయడానికి మేము ఇంకా దానిని వాడడం లేదు. సంస్థల సంచికలకు, కరపత్రాలకు చక్కగా సరిపోతుంది.

డల్లాస్ పెద్దోడు

మా అమ్మానాన్న భీమవరంలో ఉంటారు, వాళ్ల కంప్యూటరును నేను ఇక్కడి నుంచే చూసుకుంటాను. దూరం నుంచి తెరను చూడడానికి రస్ట్‌డెస్క్ వాడుతున్నాను, అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఫోన్ చేసి ఇటువంటివి వేయమని అడిగే అపరిచితులు మోసగాళ్లని, నా గొంతు గుర్తుపట్టాకే రస్ట్‌డెస్క్ చూపే నంబరు చెప్పాలని వాళ్లకు గట్టిగా చెప్పి ఉంచాను.

పెద్దవాళ్ల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వేరొకటి. ఏ దరఖాస్తు నింపినా ఫోటో 50 కేబీ లోపు, పీడీఎఫ్ ఇన్ని కేబీల లోపు ఉండాలంటారు. దానికోసం ఆధార్, పాన్, పాస్‌బుక్ కాపీలను ముక్కూమొహం తెలియని సైట్లలోకి ఎక్కించి చిన్నవి చేయించుకుంటారు. ఇవన్నీ కంప్యూటరులోనే చేసుకునే దారి తేలికగా ఉండాలి కదా?

హనుమకొండ లెక్కలు

ఉందండి, మా ఆఫీసులో రోజూ చేసే పనే. ఫోటోను గింప్‌లో తెరిచి, ముందు ఇమేజ్ మెనూలోని స్కేలుతో కొలతలు తగ్గించాలి. ఫోను తీసిన ఫోటో నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు ఉంటే, పాస్‌పోర్టు సైజుకు కొన్ని వందలు చాలు. తరువాత జేపెగ్‌గా ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు నాణ్యత మీటను జరపాలి. ప్రివ్యూ గడిలో టిక్కు పెడితే ఫైలు ఎన్ని కేబీలు అవుతుందో మీట జరుగుతున్న కొద్దీ అక్కడే కనిపిస్తుంది. కొలతలు తగ్గించకుండా నాణ్యతను మాత్రమే దించితే ముఖం మచ్చలు మచ్చలుగా వస్తుంది, చాలామంది చేసేది అదే. పీడీఎఫ్‌ల కోసమైతే, స్కాన్లను తగ్గించిన కొలతలతో లిబ్రేఆఫీసు పేజీలో పెట్టి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్టు చేసేటప్పుడు చిత్రాల నాణ్యతను, రిజల్యూషన్‌ను తక్కువగా ఇస్తే సరిపోతుంది. పేజీలు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్ అరేంజరు ఉంది. ఫోను నుంచి కంప్యూటరుకు ఆ ఫోటోలు పంపడానికి వాట్సాప్ అక్కర లేదు, ఒకే వైఫై మీద లోకల్‌సెండ్ నేరుగా పంపుతుంది.

గుణదల కుర్రోడు

ప్రింటరు మాట ఎవరూ ఎత్తలేదు. లినక్స్‌లో ప్రింటరు పనిచేయదని మా కాలేజీలో అందరూ అంటారు.

పార్క్‌లేన్ పనివాడు

కొన్నింటికి నిజం, కొన్నింటికి పాత మాట. ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవరే అవసరం లేకుండా కనిపిస్తాయి, నెట్‌వర్కులో ఉంటే చాలు. హెచ్‌పీ ప్రింటర్లకు ఆ సంస్థే స్వేచ్ఛా డ్రైవర్లు ఇస్తుంది. చిక్కంతా మన జిరాక్సు షాపుల్లో, ఇళ్లలో కనిపించే కొన్ని చవక లేజరు ప్రింటర్లతోనే. తయారీదారు సొంత భాషలోనే మాట్లాడే రకాలవి. వాటికి పాత డ్రైవర్లు దొరికినా పని ఎప్పుడు ఆగుతుందో చెప్పలేము. కొనకముందే మోడల్ నంబరుతో విచారించుకోవాలి, ఉన్నదైతే పెన్‌డ్రైవ్ మింట్‌తో ఒక పేజీ అచ్చువేసి చూడాలి.

తెనాలి మాస్టారు

మీ అందరి సలహాతో చివరకు విండోస్‌ను ఉంచి, పక్కనే మింట్ వేసుకున్నాను. ఎస్‌ఎస్‌డీలో విండోస్ భాగాన్ని ముందు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంటుతోనే కుదించాను. తెలుగు టైపింగు, మండలి ఫాంటు, స్టైళ్లు అన్నీ అమరాయి. మూడు సందేహాలు మాత్రం మిగిలాయి. మింట్ నుంచి చూస్తే విండోస్ భాగంలోని ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కానీ మార్చి దాచుకోనివ్వడం లేదు. మింట్‌లో పని ముగించి విండోస్‌లోకి వెళితే గడియారం తప్పు చూపిస్తోంది, సాయంత్రం ఏడు గంటలకు మధ్యాహ్నం ఒకటిన్నర అంటోంది. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాము రోజూ కాపీలు తీస్తోంది, డిస్కు నిండిపోతుందేమోనని అనుమానంగా ఉంది.

స్వేచ్ఛా విహారి

మొదటిదానికి కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, తన మూలభాగాన్ని డిస్కులో నిద్రపుచ్చి వెళుతుంది. ఆ స్థితిలో ఉన్న డిస్కు భాగంలో రాస్తే సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మింట్ చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కును తీసివేయండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న మీకు దానివల్ల నష్టమేమీ లేదు.

గడియారం సంగతి మన దేశంలో ఎవరికైనా సరిగ్గా ఐదున్నర గంటల తేడాగానే కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీది గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని పెడుతుంది. విండోస్ అదే స్థానిక సమయమని భావిస్తుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ ఆదేశంతో మింట్‌ను కూడా స్థానిక సమయమే వాడమని చెబితే రెండూ కలుస్తాయి. మనకు వేసవి సమయపు మార్పు లేదు కాబట్టి ఆ పద్ధతితో వచ్చే ఇబ్బందులు మనకు తగలవు. నిర్లక్ష్యం మాత్రం చేయకండి, గడియారం తప్పైతే కంప్యూటరులో తయారయ్యే రెండో అంచె ఓటీపీ కోడ్లు చెల్లవు.

టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్లను మాత్రమే కాపీ చేస్తుంది, డిఫాల్టుగా మీ హోమ్ ఫోల్డరును ముట్టుకోదు. మొదటి కాపీ పెద్దది, తరువాతివి మారిన ఫైళ్ల మేరకే చోటు తీసుకుంటాయి. సెట్టింగులలో రోజువారీవి రెండు, వారపువి రెండు ఉంచమని చెబితే పాతవాటిని అదే తీసేస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ (ఏ లినక్స్‌లోనైనా నడిచేలా కట్టిన మూట) రూపంలో ప్రోగ్రాములు వేసుకుంటుంటే మాత్రం డిస్కు మీద కన్నేసి ఉంచండి. ఒక చిన్న ప్రోగ్రాముకు కూడా దాని ఆధారపు రన్‌టైము వందల ఎంబీలు దిగుతుంది, కనుక మింట్ సొంత భండారంలో దొరికేదాన్ని అక్కడి నుంచే వేసుకోవడం మంచిది.

మీ వ్యాసాలు, ప్రశ్నపత్రాలు టైమ్‌షిఫ్ట్‌లో ఉండవని మళ్లీ గుర్తుచేస్తున్నాను. పనివాడి గారు చెప్పిన యూఎస్‌బీ కేసులోని పాత హార్డ్ డిస్కుకు వాటిని విడిగా కాపీ చేసుకోవాలి. మింట్‌లోని బ్యాకప్ టూల్ ఆ పని చేస్తుంది. కాపీ అయ్యాక ఒక ఫైలును ఆ డిస్కు నుంచే తెరిచి చూసి, అప్పుడు కేబులు తీయండి.

అక్షరాల అంగడి

ఆ బ్యాకప్‌లో మీరు మార్చిన యూనికోడ్ వ్యాసాలతోపాటు అను మూలప్రతులను, ఆ ఫాంటు ఫైళ్లను కూడా ఒక ఫోల్డరులో ఉంచండి మాస్టారూ. మార్పిడిలో ఎక్కడైనా అక్షరం పోయిందని పత్రికవారు అడిగితే పోల్చి చూడడానికి అవే ఆధారం.